చేతి దారాలతో, ఎర్రగడ్డ మొగ్గలతో క్రోమోజోముల లెక్క చూడటం ఎలా

ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ) కణంలో 16 క్రోమోజోములు, అంటే లక్షణాలను మోసే డీఎన్ఏ పోగులు. దాని విత్తనం వేస్తే వచ్చే మొక్కలోనూ 16. టమోటాలో 24, మామిడిలో 40, పుంగనూరు ఆవులో 60, మనలో 46. రెండు కణాలు కలిసి ఒకటవుతున్నా ఈ లెక్క తరతరానికీ రెట్టింపు కాదు. సంయోగబీజాలు (అండం, వీర్యకణం లాంటివి) తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన (లెక్కను సగం చేసే విభజన) జరుగుతుంది కాబట్టి అని ఇంటర్ పిల్లలెవరిని అడిగినా చెప్తారు. "సగమవుతుంది, ఫలదీకరణలో మళ్లీ పూర్తవుతుంది" అని ఒక్క వాక్యంలో రాసి మార్కులూ తెచ్చుకుంటారు. ఆ వాక్యంలో తప్పు లేదు గానీ, అసలు పని ఎక్కడ జరుగుతుందో అది చెప్పదు.

ఎర్రగడ్డలో 16 అంటే ఎనిమిది జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి వైపుది, ఇంకొకటి తండ్రి వైపుది. ఈ 16లోంచి కళ్లు మూసుకుని ఎనిమిది తీస్తే, ఒక్కో జత నుంచి ఒక్కొక్కటి వచ్చే అవకాశం ఎంత? పదహారింటిలోంచి ఎనిమిదిని 12,870 విధాలుగా తీయొచ్చు, అందులో 256 మాత్రమే పనికొస్తాయి. అంటే నూటికి రెండు. మనిషిలో 46లోంచి 23 అలాగే తీస్తే సుమారు పది లక్షల్లో ఒక్కసారి సరిపోతుంది. కాబట్టి సగం చేయడం ఒక్కటే చాలదు, ప్రతి రకంలో ఒకటి వచ్చేలా సగం చేయాలి. మొదటి విభజనకు ముందు జత క్రోమోజోములు ఒకదాన్నొకటి వెతుక్కుని పక్కపక్కన చేరేది ఇందుకే. ఈ ఒక్క సంగతి చేత్తో చేసి చూస్తే మిగతా దశల పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

దారాలతో: ముప్పావు గంట పని

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లలో ఎరుపు, నలుపు చేతి దారాలు దొరుకుతాయి. కాస్త లావుగా ఉన్నవి తీసుకోండి, సన్నని కుట్టుదారం చిక్కుపడి విసుగు పుట్టిస్తుంది. ఎరుపు తల్లి వైపు, నలుపు తండ్రి వైపు అనుకుందాం. ఒక్కో రంగులో 12 సెం.మీ. ముక్కలు రెండు, 8 సెం.మీ. రెండు, 4 సెం.మీ. రెండు కోయండి. ముడులకు కొంచెం ఎక్కువే పోతుంది గనుక ఒక్కో రంగు అర మీటరుకు పైగా ఉంటే మేలు. జాకెట్లకు కుట్టే టిచ్ బటన్లు ఆరు జతలు కావాలి. నొక్కితే అతుక్కుని, లాగితే ఊడే రకం. ముక్క మధ్యలో బటన్ సగాన్ని కట్టండి, రెండో ముక్కకు దాని మిగతా సగాన్ని. ఇదే మన సెంట్రోమియర్, అంటే నకళ్లు రెండూ అతుక్కుని ఉండే చోటు. నేల మీద ముగ్గుపిండితో ఒక పెద్ద సున్నా గీసుకుంటే అది కణం.

మొదట ఆరు దారాలే సున్నాలో పెట్టండి: ఎరుపులో పొడవు, మధ్యరకం, పొట్టి ఒక్కొక్కటి, నలుపులోనూ అంతే. లెక్క ఆరు. ఇది ద్వయస్థితిక కణం, అంటే ప్రతి రకమూ రెండేసి ఉన్నది.

ఇప్పుడు డీఎన్ఏ నకలు. మిగిలిన ఆరు ముక్కల్ని వాటి వాటి జోడీకి టిచ్‌మని నొక్కండి. దారాలు పన్నెండయ్యాయి. క్రోమోజోములు ఎన్ని? ఎక్కువ మంది పన్నెండంటారు. పరీక్ష పేపర్లలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. లెక్కకు దారాన్ని చూడకూడదు, బటన్‌ను చూడాలి. అతుక్కుని ఉన్న బటన్ ఒకటి, ఊడిన ప్రతి సగమూ ఒకటి. ఆ ప్రకారం ఇప్పటికీ ఆరే, ఒక్కోదానిలో రెండేసి సోదరి క్రోమాటిడ్లు, అంటే ఒకేలాంటి నకలు పోగులు. డీఎన్ఏ మాత్రం రెట్టింపైంది. క్రోమోజోముల లెక్క, డీఎన్ఏ లెక్క వేర్వేరుగా నడుస్తాయని ఇక్కడ పట్టుకోకపోతే తర్వాత అంతా గందరగోళమే.

తర్వాతిది సూత్రయుగ్మనం. పొడవు ఎరుపు పక్కన పొడవు నలుపు, అలా మూడు జతలూ చేర్చండి. నాలుగు దారాల కట్ట ఒక్కొక్కటీ. ప్రతి జతలోనూ ఒక ఎరుపు దారం కొస, ఒక నలుపు దారం కొస ఒకే కొలతలో కత్తిరించి, ఎరుపు కొసను నలుపుకు, నలుపు కొసను ఎరుపుకు ముడివేయండి. ఇదే వినిమయం. దీన్ని చాలామంది కొత్త లక్షణాల కలయిక కోసమే అనుకుంటారు. దీనికి ఇంకో పని కూడా ఉంది. ముడివేశాక ఎరుపు కొసలు రెండూ కలిపి, నలుపు కొసలు రెండూ కలిపి పక్కవాళ్లను పట్టుకోమని, జతను రెండు వైపులా మెల్లగా లాగి చూడండి, విడిపోకుండా పట్టుకుంటుంది. కణంలో అలా పట్టుకునేది సోదరి క్రోమాటిడ్ల మధ్య ఉండే జిగురు. ఆ పట్టు ఉంటేనే ఒక జతలోని రెండింటినీ రెండు వైపుల నుంచి కండె తంతువులు (క్రోమోజోములను లాగే సన్నని పోగులు) లాగుతున్నాయని కణానికి తెలుస్తుంది. ముడే లేని జత విడివిడిగా తేలుతూ ఎటు పడితే అటు పోతుంది. జతకు కనీసం ఒక వినిమయం జరిగేలా కణం చూసుకునేది అందుకే.

మధ్యస్థదశలో జతలను సున్నా నడుమ వరసగా నిలపండి. ఏ జతలో ఎరుపు ఎటు ఉండాలో ఒక్కో జతకూ విడిగా రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చండి. మూడు జతలకు ఎనిమిది అమరికలు వస్తాయి. ఎర్రగడ్డకు 256, మనిషికి 83,88,608. వినిమయం లేకుండానే ఇన్ని.

మొదటి చలనదశ. బటన్లు ఊడదీయకుండా జతల్ని విడదీసి రెండు వైపులకు లాగండి. సున్నా మధ్యలో గీత గీసి రెండు కణాలు చేయండి. ఒక్కోదానిలో అతుక్కున్న బటన్లు మూడు. లెక్క సగమైంది ఇక్కడే, రెండో విభజనలో కాదు. ఇక్కడ బటన్ ఎందుకు ఊడదనే ప్రశ్న వేసుకోవాలి. సోదరి క్రోమాటిడ్లను కలిపి ఉంచే కోహెసిన్ అనే ప్రోటీన్ జిగురు ఈ దశలో భుజాల వెంట కరిగిపోతుంది, సెంట్రోమియర్ దగ్గర మాత్రం నిలుస్తుంది. అక్కడ దాన్ని కాచుకునే ప్రోటీన్ పేరు షుగోషిన్. జపనీస్‌లో ఆ మాటకు కాపలా దేవత అని అర్థం. మనకైతే పొలిమేరలో గంగమ్మ లాగా.

రెండు విభజనల మధ్య నకలు లేదు, కొత్త దారం తేకూడదు. ఈసారి ఒక్కో కణంలో మూడు బటన్లనూ వరసగా నిలిపి ఊడదీయండి. నాలుగు గుంపులు వస్తాయి, ఒక్కోదానిలో మూడేసి ఒంటరి దారాలు: ఒక పొడవు, ఒక మధ్యరకం, ఒక పొట్టి. పొట్టివి రెండొచ్చి పొడవుది లేకుండా పోయిన గుంపు ఒక్కటీ ఉండదు. పక్కవాళ్లు కూడా చేసి ఉంటే వాళ్ల గుంపుల్లోంచి ఒకటి తెచ్చి మీదానితో కలపండి. మళ్లీ ఆరు, మళ్లీ మూడు జతలు.

ఈ ఏర్పాటే లేకపోతే? 46 కాస్తా 92, తర్వాత 184 అవుతూ పదో తరానికి 47,104కు చేరేది. ఇలాంటి సగం చేసే విభజన ఒకటి ఉండి తీరాలని జర్మనీలో జీవశాస్త్రవేత్త వైస్‌మన్ 1887లో, కళ్లతో పూర్తిగా చూడకముందే, లెక్క ప్రకారం చెప్పాడు. అంతకు నాలుగేళ్ల ముందు బెల్జియంలో వాన్ బెనెడెన్ గుర్రం పేగుల్లోని ఏలికపాము అండంలో, వీర్యకణంలో సమాన సంఖ్యలో క్రోమోజోములు ఉండటం చూశాడు.

తప్పు ఎక్కడ జరిగితే ఏమవుతుంది

అవే దారాలతో మళ్లీ మొదటి నుంచి చేయండి. ఈసారి మొదటి చలనదశలో పొట్టి జతను విడదీయకుండా రెండింటినీ ఒకే వైపు పంపండి. చివర్లో నాలుగు గుంపులు లెక్కపెడితే 4, 4, 2, 2. ఒక్కటీ సరైనది లేదు. మూడోసారి మొదటి విభజన సరిగా చేసి, రెండో విభజనలో ఒక కణంలో మాత్రం ఒక బటన్ ఊడదీసి, దాని రెండు దారాల్నీ ఒకే వైపుకు తోయండి. 3, 3, 4, 2 వస్తాయి. రెండు బాగున్నాయి. తప్పు ఎంత ముందు జరిగితే నష్టం అంత ఎక్కువ.

మనిషిలో 21వ క్రోమోజోము ఇలా ఒకటి ఎక్కువై లెక్క 47 కావడమే డౌన్ సిండ్రోమ్. ఈ సంగతి 1959లో తేలింది. ఇలాంటి పొరపాట్లలో ఎక్కువ భాగం అండం తయారీలో, అందులోనూ మొదటి విభజనలో జరుగుతాయి. ఆడశిశువు పుట్టకముందే ఆమె అండ మాతృకణాలు ప్రథమదశలో, అంటే జతలు కట్టే దశలో, ఆగిపోతాయి. యుక్తవయసు తర్వాత నెలకు ఒకటి చొప్పున కదులుతాయి. నలభై ఏళ్ల తల్లి అండం నలభై ఏళ్లు జతలుగా పట్టుకుని కూర్చున్నట్టే, ఆ కాలంలో కోహెసిన్ జిగురు సడలుతుంది. ఇరవైల్లో సుమారు 1,500 కాన్పులకు ఒకటిగా ఉండే డౌన్ సిండ్రోమ్ అవకాశం ముప్పై అయిదుకు 350లో ఒకటి, నలభైకి 100లో ఒకటి దగ్గరకు వస్తుంది. ఇందులో తల్లి చేసిన తప్పేమీ లేదని ఈ పాఠం చెప్పేవాళ్లు తప్పక చెప్పాలి.

వీర్యకణాలు నాలుగూ సమానంగా వస్తాయి గానీ అండం వైపు ఒకటే వస్తుంది. మిగతావి ధ్రువదేహాలనే చిన్న కణాలై పోతాయి. క్రోమోజోములు మాత్రం సమంగానే పంచుకుంటాయి, సరుకంతా ఒక కణమే ఉంచుకుంటుంది.

మన పొలాల్లోంచి నాలుగు చిక్కు ప్రశ్నలు

అరటిలో గింజ ఎందుకు లేదు? మనం తినే అరటిలో ఎక్కువ రకాలు మూడేసి సెట్ల మొక్కలు, 33 క్రోమోజోములు. దారాలతో ప్రతి రకంలో మూడు పెట్టి జత చేయబోండి, మూడోది ఎటు పోవాలో తెలియదు. సరైన సంయోగబీజం దాదాపు రాదు, గింజా కట్టదు, కాయ మాత్రం ఊరుతుంది. అందుకే పిలకలే నాటతాం. కంచర గాడిదదీ ఇంచుమించు ఇదే కష్టం: గుర్రం నుంచి 32, గాడిద నుంచి 31, మొత్తం 63. ఒంట్లోని కణాలు సమవిభజనతో (లెక్క తగ్గకుండా జరిగే మామూలు విభజనతో) ఏ ఇబ్బందీ లేకుండా పెరుగుతాయి, ఎందుకంటే సమవిభజనకు జోడీ అక్కర్లేదు. పిల్లలు కనే దగ్గరే బండి ఆగుతుంది.

శెనక్కాయ దీనికి ఎదురు ఉదాహరణ. అది నాలుగు సెట్ల మొక్క, 40 క్రోమోజోములు. పాతకాలంలో రెండు వేర్వేరు జాతులు కలిసి పుట్టింది. ఏ జాతి నుంచి వచ్చినవి ఆ జాతి వాటితోనే జతకడతాయి కాబట్టి చక్కగా 20 జతలై విడిపోతుంది. సెట్లు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద విషయం కాదు, జోడీ కుదిరితే చాలు.

చిత్తూరు వైపు తోతాపురి తోటల్లో అంటు మొక్కే ఎందుకు పెడతారు, టెంక ఎందుకు నాటరు? అంటు కొమ్మ సమవిభజనతో పెరుగుతుంది, 40 క్రోమోజోములూ యథాతథంగా వస్తాయి. టెంక మొక్కలోనూ 40 ఉంటాయి, కానీ తల్లి చెట్టు నుంచి 20, పుప్పొడి తెచ్చిన చెట్టు నుంచి 20, అవి కూడా ముక్కలు మార్చుకున్నవి. లెక్క స్థిరం, సరుకు స్థిరం కాదు. "క్షయకరణ విభజన లక్షణాలను స్థిరంగా ఉంచుతుంది" అని రాసేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు.

ఇంకొకటి, గుడిలో కొట్టే కొబ్బరికాయ. కొబ్బరి చెట్టుకు 32 క్రోమోజోములు, మనం తినే తెల్ల కొబ్బరిలో 48. అది అంకురచ్ఛదం, పుప్పొడి నుంచి వచ్చిన రెండో పురుషబీజం రెండు ధ్రువకేంద్రకాలతో కలిసినది. పిండానికి తిండి అయి ముగుస్తుంది, తర్వాతి తరానికి వెళ్లదు. కాబట్టి లెక్క చెడదు.

ఎర్రగడ్డ మొగ్గతో స్లైడు

దారాలు అర్థమయ్యాక కళ్లతో చూడాలి. మొక్కల్లో క్షయకరణ విభజనకు ఎర్రగడ్డ పూమొగ్గ కంటే సులువైనది లేదు: క్రోమోజోములు పెద్దవి, జతలు ఎనిమిదే. రియో మొక్క ఇంటి ముందు కుండీలో ఉంది కదా అని దానితో మొదలుపెట్టకండి. దాని క్రోమోజోముల ముక్కలు ఎప్పుడో తారుమారైనందువల్ల ఆరు జతలకు బదులు పన్నెండూ గొలుసుగానో ఉంగరంగానో కనిపించి మొదటిసారి చూసేవాళ్లను తికమక పెడతాయి.

గడ్డలు అక్టోబరు, నవంబరులో నాటితే చలికాలం చివర్లో పూకాడ వస్తుంది. పూత రావాలంటే చల్లదనం తగలాలి. సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లె వైపు తేలిగ్గా వస్తుంది. తిరుపతి వేడిలో కొన్ని గడ్డలు మొండికేస్తాయి కాబట్టి పది నాటితే అయిదారైనా దక్కుతాయి. పూగుత్తి మీది పలుచని పొర చిట్లుతున్నప్పుడు కోయాలి. ఒకే గుత్తిలో చిన్నా పెద్దా మొగ్గలు కలిసి ఉంటాయి, అంటే దశలన్నీ ఒకే చోట.

కోయడం ఉదయం 8 నుంచి 11 లోపల. కోసిన వెంటనే, మొక్క పక్కనే, స్థిరీకరణ ద్రవంలో (కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపే ద్రవంలో) వేయాలి. ఆల్కహాలు మూడు వంతులు, గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం ఒక వంతు: 30 మి.లీ.కి 10 మి.లీ. ఆ రోజుకు ఆ రోజే కలపండి, నిలవ ఉంటే రెండూ చర్య జరిపి బలం పోతుంది. వంటింటి వెనిగర్ పనికిరాదు, అందులో ఆమ్లం నూటికి అయిదు పాళ్లే. గ్లేషియల్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, ఆల్కహాలు అంటుకుంటుంది. కాలేజీ ల్యాబులో, పెద్దవాళ్ల ముందు, కిటికీ తెరిచి, గ్లవ్స్ వేసుకుని చేయండి. 24 గంటల తర్వాత మొగ్గల్ని 70 శాతం ఆల్కహాలులోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే చాలా వారాలు నిలుస్తాయి. సీసా మీద తేదీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాలు తగిలితే చెరిగిపోతుంది.

రంగుకు ఎసిటోకార్మిన్. 45 మి.లీ. గ్లేషియల్ ఆమ్లం, 55 మి.లీ. నీళ్లు, 1 గ్రాము కార్మిన్. సన్నసెగ మీద అరగంటకు పైగా మరగనిచ్చి, చల్లార్చి వడకట్టాలి.

మొగ్గను స్లైడు మీద విప్పితే ఆరు కేసరాలు. ఒక పరాగకోశం (కేసరం కొసన పుప్పొడి తయారయ్యే తిత్తి) మాత్రమే తీసి ముందు పరీక్షించండి. అదే మొగ్గలోని మిగతా అయిదూ దాదాపు అదే దశలో ఉంటాయి గనుక దశ కుదిరితే వాటిని వాడుకోవచ్చు, కుదరకపోతే మొగ్గ మార్చవచ్చు. పరాగకోశం ఆకుపచ్చగా పారదర్శకంగా ఉంటే మంచి సూచన, పసుపు తిరిగితే ఆలస్యమైనట్టే. ఒక చుక్క రంగులో ఇనుప సూదితో చిదపండి. స్టీలు కంటే మామూలు ఇనుపదే మేలు, కొద్దిగా ఇనుము కలిస్తే రంగు క్రోమోజోములకు బాగా పట్టుకుంటుంది. పరాగకోశం గోడ ముక్కల్ని తీసేసి, నాలుగైదు నిమిషాలు ఆగి, కవర్‌స్లిప్ వేయండి. స్పిరిట్ దీపం మీద మూడు నాలుగుసార్లు వేగంగా అటూ ఇటూ తిప్పండి: చేతి వెనకవైపు తాకిస్తే వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఉడికిందంటే పోయింది. బ్లాటింగ్ పేపరు మడత మధ్య పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కండి. పక్కకు జారితే కణాలన్నీ నలిగి చారలవుతాయి.

ముందు పది రెట్ల కటకం, తర్వాత నలభై రెట్లది. పరాగ మాతృకణాలు గుండ్రంగా పెద్దగా ఉంటాయి. దారాల ఉండలా కనిపిస్తే ప్రథమదశ తొలి భాగం. విడివిడిగా ఎనిమిది ఉంగరాలు, కడ్డీలు కనిపిస్తే డయాకైనసిస్, అంటే ప్రథమదశ చివరి భాగం, లెక్కకు ఇదే బంగారు దశ. ఆ ఉంగరాలకు రెండు వైపులా ముడి పడింది, కడ్డీలకు ఒక్క వైపే. మొదటి చలనదశలో అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. ఎర్రగడ్డ ఏకదళబీజ మొక్క కావడం వల్ల మొదటి విభజన అవగానే మధ్యలో గోడ వస్తుంది, రెండేసి కణాలు విడిగా కనిపిస్తాయి. టమోటాలో అయితే గోడలన్నీ చివర్లోనే వస్తాయి.

పోల్చుకోవడానికి అదే రకం గడ్డను నీళ్ల గ్లాసు మీద పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వచ్చిన వేరు కొసను 2 మి.మీ. కోసి స్థిరీకరించండి. తొమ్మిది చుక్కల ఎసిటోకార్మిన్, ఒక చుక్క 1ఎన్ (ఒక నార్మల్ గాఢత) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెచ్చజేసి నొక్కితే సమవిభజనలో 16 కనిపిస్తాయి. పక్కపక్కనే పెడితే 16, 8 తేడాకు వేరే వివరణ అక్కర్లేదు.

లెక్క కుదరనప్పుడు

అన్నీ మామూలు కేంద్రకాలే అయితే మొగ్గ లేతది. నాలుగేసి కణాల గుత్తులో విడి పుప్పొడి రేణువులో ఉంటే ముదిరింది. కణమంతా ఎర్రబడితే కవర్‌స్లిప్ అంచున 45 శాతం ఎసిటిక్ ఆమ్లం చుక్క వేసి వెచ్చజేయండి, కణద్రవ్యం రంగు తేలిపోతుంది. నల్లటి గుగ్గిళ్లలా పేరుకుంటే ఇనుము ఎక్కువైంది. క్రోమోజోములు ముద్దగా అతుక్కుని ఉంటే కోసిన మొగ్గ ఎండలో వాడిపోయాక ద్రవంలో వేశారని అర్థం, దానికి మందు లేదు.

ఒక కణంలో ఏడు, ఇంకోదానిలో తొమ్మిది వస్తే కంగారుపడొద్దు, కొత్త ఆవిష్కరణ అనుకోనూ వద్దు. రెండు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, లేదా నొక్కినప్పుడు ఒకటి పక్క కణంలోకి జారి ఉంటుంది. కనీసం ఇరవై కణాలు లెక్కపెట్టి ఎక్కువసార్లు వచ్చిన సంఖ్యను తీసుకోండి. క్రోమోజోములు పరుచుకోకపోతే నిపుణులకైనా ఇదే తిప్పలు: మనిషికి 48 అని దాదాపు ముప్పై ఏళ్లు పాఠాల్లో నడిచింది. 1956లో స్వీడన్‌లోని లుండ్‌లో టియో, లెవాన్ కణాల్ని ఉబ్బించి, చక్కగా పరిచి చూశాకే 46 అని ఖాయమైంది.

మంచి స్లైడు దొరికితే కవర్‌స్లిప్ అంచుల చుట్టూ గోళ్ల రంగు పూయండి, నాలుగైదు రోజులు ఎండిపోకుండా ఉంటుంది. కనిపించిన కణం ఎక్కడుందో స్లైడు కింది వైపు మార్కరుతో చిన్న సున్నా చుట్టుకోండి, లేకపోతే మరునాడు మళ్లీ మొదటి నుంచి వెతుకులాటే.